జబ్బు పేరు చెప్పిన మా చెల్లెలు

మా చెల్లెలు మా అమ్మకి, అమ్మ జబ్బు పేరు చెప్పింది. అది చెప్పకుండా ఉంటే అమ్మ ఆ కొత్త మందుకి ఒప్పుకునేదనీ, ఒప్పుకుని ఉంటే ఇంకా మన మధ్య తిరుగుతూ ఉండేదనీ మా అన్నయ్య అంటాడు. కావచ్చు. కాకపోనూ వచ్చు. అమ్మ పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఏ ఇద్దరం కూర్చున్నా ఆ మాట మూడోదై వచ్చి మా మధ్యలో కూర్చుంటుంది.

మొన్న పాల దుకాణం దగ్గర ఒకావిడ నా మొహం మీదే అంది. "కన్నతల్లికి చావు కబురు చదివి వినిపించి, విమానమెక్కి చక్కా పోయిందట కదా మీ చెల్లెలు." చేతిలో పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడ్డాను. చిన్నప్పటినుంచీ నాకు మాట వచ్చేసరికి అవతలి వాళ్ళు వీధి మలుపు తిరిగిపోతారు. ఇంటికి వచ్చి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాను. నోటితో అనలేనిది రాసి చూద్దామని అప్పుడే అనుకున్నాను. మా చెల్లెలు ఎలాంటి మనిషో, ఏం చేసిందో తెలిశాక ఎవరేమనుకున్నా నాకు చింత లేదు.

మేం ముగ్గురం. అన్నయ్య, నేను, అది. నాన్న లారీ నడిపేవాడు. చెల్లెలికి పాకడం రాకముందే పోయాడు. అమ్మ కుట్టుమిషను మీద దిండు గలీబులు కుట్టి మమ్మల్ని పెంచింది. నేను ఐదో తరగతితో ఆగిపోయాను, గలీబులకి బొత్తాలు కుట్టే చెయ్యి ఒకటి కావలసి వచ్చింది మరి. అన్నయ్య కాలిపోయిన మోటార్లకి మళ్ళీ రాగితీగ చుట్టే కొట్లో చేరాడు, తర్వాత ఆ కొట్టే తనదైంది. చదువు చెల్లెలికే అబ్బింది. దానికి కనబడిన కాగితమల్లా చదివే జబ్బు. సరుకులు కట్టిన కాగితం, మందు సీసా మీది చీటీ, గోడమీది ప్రకటన, ఏదైనా పెద్ద గొంతుతో చదవాల్సిందే. అన్నయ్య దానికి రేడియో అని పేరు పెట్టాడు. "ఒసే రేడియో, కాస్త చెవి మెలిపెట్టి గొంతు తగ్గించుకో" అనేవాడు.

అమ్మకి చదవడం రాదు గాని, వినడం బాగా వచ్చు. మిషను తొక్కుతూనే వినేది. కష్టమైన మాట వస్తే చెల్లెలు దాన్ని దాటేసి ముందుకి పోయేది. అమ్మ కాలు ఆగిపోయేది.

"ఏదో మింగావు. కక్కు."

"ఏం లేదమ్మా, అవసరం లేని మాట."

"అవసరం లేకపోతే అచ్చు వేసినవాడికి పిచ్చా? కక్కు."

అది మళ్ళీ వెనక్కి వెళ్ళి, కూడబలుక్కుని ఆ మాట చదివేదాకా మిషను కదిలేది కాదు.

పెద్దయ్యాక నర్సు చదువు చదివింది. ఊరి చివర పెద్ద ఆసుపత్రిలో కొత్త మందులు పరీక్షించే వార్డు ఒకటి ఉంది, అందులో పని దొరికింది. సూదులు పొడిచే పని కాదు. చదివే పనే. ఆ వార్డులోకి వచ్చే ప్రతి రోగికీ మందు ఇవ్వడానికి ముందు అంతా విడమరిచి చెప్పాలి. నీ జబ్బు ఇది, ఈ మందు ఇంకా పరీక్షలో ఉంది, మంచి చేయవచ్చు, చేయకపోవచ్చు, చెడూ చేయవచ్చు. నీకు ఇష్టమైతేనే ఒప్పుకో. ఒప్పుకున్నాక కూడా మధ్యలో ఎప్పుడైనా మానేయవచ్చు, మానేసినంత మాత్రాన నీ మామూలు వైద్యం ఆపరు. ఇదంతా మనిషికి అర్థమయ్యేలా వాళ్ళ మాటల్లో చెప్పి, అర్థమైందని వాళ్ళ నోటితో అనిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. అబద్ధమాడడానికి వీల్లేకుండా జరిగినదంతా కెమెరాలో పడుతుంది.

ఆ గది నేను చూశాను. ఒక బల్ల, ఎదురూబదురూ రెండు కుర్చీలు, బంధువుల కోసం గోడవారగా ఇంకోటి. కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది, బయటి చప్పుడు కెమెరాలో పడకుండా. మూడుకాళ్ళ మీద కెమెరా, దాని నుదుటన ఎర్ర దీపం. దీపం వెలిగిందంటే ఇక మాట జారకూడదు. కొందరు పెద్దాయనలు ఆ దీపం చూడగానే మీసం సర్దుకుని, తల దువ్వుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చునేవారట. ఒకావిడ మొత్తం విని, "అంతా బాగుంది గాని తల్లీ, నా ఎడమ వైపు తీయి, కుడి బుగ్గ వాచి ఉంది" అందట. ఇలాంటివి చెప్పి చెల్లెలు మమ్మల్ని నవ్వించేది. ఆ రోజుల్లో నవ్వేది.

దర్జీ వచ్చిన తర్వాత నవ్వు పోయింది.

దర్జీ అంటే ఆ వార్డుకి వచ్చిన ఒక రోగి. బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు తీయకుండానే ఆసుపత్రికి వచ్చేశాడట. ఇద్దరు కొడుకులు కూడా వచ్చారు. గదిలోకి వెళ్ళకముందే పెద్దవాడు చెల్లెల్ని పక్కకి పిలిచి చేతులు పట్టుకున్నాడు. "అమ్మా, మా నాన్నకి క్యాన్సర్ అన్న మాట చెవిన పడకూడదు. గుండె ఆగిపోతుంది. గడ్డ అని చెప్పండి చాలు." అది కొత్తేమీ కాదు. ఆ వార్డులో పదిమందిలో ఏడెనిమిది మంది ఇళ్ళవాళ్ళు అదే అడిగేవారు. ప్రేమ కొద్దీ అడిగేవారు. పనిచేసేవాళ్ళూ ప్రేమ కొద్దీనే సరే అనేవారు. పైవాళ్ళకీ తెలుసు, ఎవరూ పట్టించుకునేవారు కాదు. చెల్లెలు కూడా ఆ మాట వచ్చిన చోటల్లా మింగేసి, గడ్డ, గడ్డ అని చదివింది. దర్జీ బుద్ధిగా విన్నాడు. ఎర్ర దీపంవైపు చూసి, "నాకు అర్థమైంది" అన్నాడు. సంతకం పెట్టాడు.

కొన్నాళ్ళకి సెలైన్ ఎక్కించుకునే హాల్లో పక్క కుర్చీ మనిషితో మాటలు కలిసి, ఆ మనిషి చెప్పేశాడు ఇక్కడ అందరిదీ ఏ జబ్బో. దర్జీ సూది తీసిన తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ చెల్లెలి గదికి వచ్చి, అప్పుడు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. జుట్టు లేదు. మెడలో టేపు లేదు.

"అమ్మా, ఆ కెమెరా ముందు నాకు అర్థమైందన్నాను కదా. ఏం అర్థమైందో కాస్త చెబుతావా?" అన్నాడు.

కోపంగా అనలేదు. కొలత మర్చిపోయి మళ్ళీ అడిగినట్టు అడిగాడు. ఆయన కాసేపు కూర్చుని, "మా వాళ్ళని ఏమీ అనకు, భయస్తులు" అని లేచి వెళ్ళిపోయాడు. మరుసటి నెల పోయాడు.

అప్పటినుంచీ చెల్లెలికి ఆ గదిలో ఎదుటి కుర్చీ ఖాళీగా కనబడడం మానేసింది. కొత్త రోగి వచ్చి అందులో కూర్చుంటే, దర్జీ లేచి గోడవారగా ఉన్న కుర్చీలోకి మారతాడని చెప్పేది. అది చదువుతుంటే వింటాడు. ఎక్కడా ఏమీ అనడు. ఇంట్లో అమ్మ మిషను తొక్కుతుంటే ఉన్నట్టుండి చెవులు మూసుకుని, "కాసేపు ఆపమ్మా" అనేది. అమ్మ ఆపేది. ఆపిన తర్వాత కూడా మిషను చప్పుడు వినబడుతోందని వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చునేది. అన్నయ్య నవ్వులాటగా తీసిపారేయబోయాడు. "దర్జీ ఊరికే ఎందుకు కూర్చుంటాడు, నాలుగు చొక్కాలకి కొలతలు ఇవ్వు" అన్నాడు. చెల్లెలు వాడివైపు చూసిన చూపుకి మళ్ళీ ఆ వేళాకోళం చేయలేదు.

ఆ దర్జీ వల్లే దానికి పై చదువు మీద మనసు పోయింది. మందుల పరీక్షల్లో రోగికి ఉండే హక్కుల గురించి పరాయి దేశంలో ఒక చదువు ఉందట. ఆ మాట మాకు వింతగా తోచింది. "జబ్బు పడ్డవాడికి హక్కులేమిటే, పథ్యం తప్ప" అంది అమ్మ. కాని ఆ వయసులో, పెళ్ళీ పెటాకులూ వద్దనుకుని, అది పరీక్షలు రాసి సీటు తెచ్చుకుంది. ప్రయాణం దగ్గర పడుతుండగా అమ్మకి కడుపులో నొప్పి మొదలైంది.

అన్నయ్యే ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. అదే ఆసుపత్రి. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు అన్నయ్యని లోపలికి పిలిచి జబ్బు పేరు చెప్పి, ఇలాంటి వాళ్ళకోసమే ఒక కొత్త మందు పరీక్షలో ఉంది, ఒప్పుకుంటే చేర్చుకుంటాం అన్నాడు. అమ్మకి మాత్రం కడుపులో పుండన్నారు.

మర్నాడు అన్నయ్య మమ్మల్ని కొట్టుకి రమ్మన్నాడు. ఇంట్లో అమ్మ ఉంటుంది కదా, అందుకని. కాలిన మోటార్ల మధ్య, వార్నిష్ వాసనలో, నేనూ చెల్లెలూ వదినా తలో పెట్టె మీద కూర్చున్నాం. అన్నయ్య చేతిలో తీగ చుట్ట ఉంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని విప్పుతూ చుడుతూ ఉన్నాడు.

"గడ్డ అని చెబుదాం. గడ్డే కదా, అబద్ధం కాదు" అన్నాడు.

"దర్జీకి నేనూ అదే చెప్పాను" అంది చెల్లెలు.

"మళ్ళీ మొదలైంది దర్జీ పురాణం" అంది వదిన మెల్లగా.

"అమ్మ సంగతి నీకు తెలీదా? డాక్టరు నాలిక చూపించమంటేనే చెమటలు పడతాయి. ఆ పేరు వింటే అక్కడికక్కడే సగం చచ్చిపోతుంది" అన్నాడు అన్నయ్య.

"మిగతా సగంతో ఏం చేయాలో తను చూసుకుంటుంది. అది తన సొత్తు అన్నయ్యా, మనది కాదు."

"ఇంకా విమానమైనా ఎక్కలేదు, అప్పుడే అక్కడి మాటలు వచ్చేశాయి నీకు. వెళ్తూ వెళ్తూ ఇంట్లోనే పాఠం అప్పజెబుతున్నావా?"

చెల్లెలు తల వంచుకుంది. అన్నయ్య గొంతు తగ్గించాడు. "పేరు చెబితే భయపడి ఆసుపత్రి గడప తొక్కదు. చెప్పకపోతే నేను చేయి పట్టుకుని తీసుకెళ్తాను. అంతే నాకు తెలిసింది. అమ్మ బతకాలి." ఆ చివరి మాట అనేసరికి వాడి చేతిలో తీగ చిక్కు పడిపోయింది. నేను వాడి చేతుల్నే చూస్తున్నాను.

సొంత మనుషులకి చదివి చెప్పకూడదని ఆ వార్డులో నియమం ఉంది. అమ్మకి చదవాల్సింది చెల్లెలితో పనిచేసే కళ్ళద్దాల అమ్మాయి. అన్నయ్య ముందే వెళ్ళి ఆ పిల్లని కలిసి మాట్లాడుకున్నాడు. ఆ పిల్ల ఏ దాపరికం లేకుండా చెల్లెలితో చెప్పేసింది. "మీ అన్నగారు వచ్చారక్కా. గడ్డ అని చదవమన్నారు, సరేనన్నాను. మనం ఎప్పుడూ చేసేదే కదా." చెల్లెలు ఆ మాట విని గోడవారగా ఉన్న కుర్చీవైపు చూసిందట. అది నాకు తర్వాత చెప్పింది.

ఆ మధ్యాహ్నం తిన్నగా ఇంటికి వచ్చింది. నేను అమ్మ దగ్గరే ఉన్నాను, గలీబులు మడతపెడుతున్నాను. అమ్మ మిషను మీద ఉంది. చెల్లెలు చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, అమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మా, నీది పుండు కాదు. క్యాన్సర్."

అమ్మ కాలు ఆగలేదు. కుట్టు గలీబు చివరిదాకా వెళ్ళింది. తిప్పి ఇంకో అంచు కుట్టింది. దారం పళ్ళతో కొరికి, గలీబు నా ఒళ్ళో పడేసింది. అప్పుడు ఆపింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"మీ అన్నకి?"

"మొన్న."

"నీకో?" అని నావైపు చూసింది. నేను తలాడించాను.

"అయితే వంటింట్లో చెంచాలకి కూడా తెలిసే ఉంటుంది. ఈ ఇంట్లో తెలియనిది నాకూ నా కడుపుకీ అన్నమాట" అంది. నవ్వినట్టే అంది. చేయి మాత్రం మిషను చక్రం మీదనుంచి తీయలేదు.

తర్వాత చాలాసేపు అడిగింది, చెల్లెలు చెప్పింది. ఏదీ మింగలేదు. కొత్త మందు కొందరికి, పాత మందు కొందరికి ఇస్తారని, ఎవరికి ఏది అన్నది డాక్టరు కూడా ఎంచడని చెప్పింది.

"మరెవరు ఎంచుతారు?"

"చీటీ తీసినట్టే అమ్మా. కంప్యూటరు తీస్తుంది."

"ప్రాణానికి చీటీలా?"

"ఏది మంచిదో ఇంకా ఎవరికీ తెలీదు. అది తెలుసుకోవడానికే."

"అంటే నా మీద తెలుసుకుంటారు."

"అవును. నీకు ఉపయోగపడవచ్చు. పడకపోవచ్చు. వెనక వచ్చేవాళ్ళకి మాత్రం పనికొస్తుంది."

"నువ్వేమంటావు?"

"నేను ఏమీ అనకూడదమ్మా."

"కూతురిగా అను."

"కూతురిగా అయితే ఒప్పుకోమంటాను. అందుకే అనకూడదు" అంది.

అమ్మ ఆ సాయంత్రం అన్నం మామూలుగానే తింది. పడుకోబోయే ముందు మిషను మీద గుడ్డ కప్పి, దాని మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడింది.

ఆసుపత్రికి వెళ్ళిన రోజున అమ్మ నన్ను గదిలోకి రానివ్వలేదు, అన్నయ్యనీ రానివ్వలేదు. "నలుగురైతే నా నోరు మీకోసం మాట్లాడుతుంది" అంది. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. చెల్లెలు వరండా చివర నిలబడింది. తలుపు మూసుకుంది. కళ్ళద్దాల అమ్మాయి గొంతు సన్నగా వినబడుతోంది, మాటలు తెలియడం లేదు. చాలాసేపటికి అమ్మ బయటికి వచ్చింది.

"వద్దన్నాను" అంది.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "ఏం వద్దన్నావు?"

"ఆ చీటీ మందు. మామూలు మందు ఇవ్వమన్నాను, ఇంటి దగ్గర మింగుతాను. ఆ పిల్ల గడ్డ అనబోయింది పాపం. ఆ పేరు నాకు తెలుసమ్మా, సరిగ్గా చదువు అన్నాను. సరిగ్గానే చదివింది. వారానికి ఇన్నిసార్లు రావాలి, ఇన్ని సూదులు. నాకంత ఓపిక లేదురా. ఉన్న రోజులు మిషను దగ్గర ఉంటాను."

అన్నయ్య వరండా చివరికి నడిచి వెళ్ళి చెల్లెలి ముందు నిలబడ్డాడు. అటూ ఇటూ తిరిగే జనం అంతా వింటుండగా, మామూలు గొంతుతో, "చంపేశావే" అన్నాడు. తర్వాత వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

చెల్లెలు ప్రయాణం మానుకుంటానంది. అమ్మ ఒప్పుకోలేదు. "నువ్విక్కడుంటే నన్ను చూసి రోజూ ఏడుస్తావు. నిన్ను ఊరుకోబెట్టే పని నాకు పడుతుంది. పో. పోయి ఆ హక్కులేమిటో పూర్తిగా నేర్చుకుని రా. సగం చదువు సగం ఉడికిన అన్నంలాంటిది, కడుపునొప్పి." అది వెళ్ళేటప్పుడు అమ్మ గుమ్మం దాటి రాలేదు, మిషను దగ్గరనుంచే చేయి ఊపింది. అప్పటికి తొక్కే బలం లేదు. నేను తొక్కుతుంటే తను గుడ్డ పట్టుకునేది.

అమ్మ ఆ చలికాలం చూసింది, ఎండాకాలం చూడలేదు. నొప్పి తెలియకుండా మందులిచ్చారు, అయినా తెలిసేది. పోయిన రోజున నేను మందుల కోసం వెళ్ళాను, దగ్గర అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. చెల్లెలు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఉన్న నాలుగు రోజులూ మిషను పక్కన నేల మీదే కూర్చుంది. అన్నయ్య అది ఉన్న ఇంట్లో అన్నం తినలేక కొట్లోనే తిన్నాడు.

మళ్ళీ వెళ్ళిపోయింది. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. దాని గది కిటికీలోంచి బస్సుల డిపో కనబడుతుందట. గది వెచ్చగా ఉండడానికి గోడకి ఒక ఇనుప గొట్టం ఉంటుంది, అది టకటకమంటుంటే మిషను గుర్తొస్తుందట. తరగతిలో ఒకళ్ళు రోగిగా, ఒకళ్ళు చదివే మనిషిగా కూర్చుని సాధన చేయాలి. దీన్ని రోగిగా కూర్చోబెట్టారు. ఎదుటి పిల్ల అంతా చక్కగా చెప్పి, నీకు ఏమైనా సందేహాలు ఉన్నాయా అని అడిగితే, ఇది కుర్చీలోంచి లేవలేకపోయిందట. క్లాసయ్యి అందరూ వెళ్ళిపోయినా అలాగే ఉండిపోయిందట.

"దర్జీ ఇక్కడికి కూడా వచ్చేశాడక్కా. ఆయనకి వీసా ఎవరిచ్చారో" అంది ఒకసారి.

ఏదో అనాలని, "మరి అమ్మ?" అన్నాను.

"అమ్మ రాదక్కా. ఇంకో కుర్చీ వేసి ఉంచాను. రాదు." ఆ తర్వాత ఎప్పుడూ అడిగేదే మళ్ళీ అడిగింది. "చివర్లో అమ్మ ఏమైనా అందా? నేను చెప్పడం గురించి ఏమైనా అందా?"

"నేను లేను కదే ఆ రోజు" అన్నాను, ఎప్పుడూ అనేదే.

ఆ ఆదివారం అన్నయ్య మా ఇంట్లో ఉన్నాడు. మా మిక్సీ మోటారు చుట్టి తెచ్చాడు. నా చేతులు తడిగా ఉన్నాయని ఫోన్ గట్టిగా వినబడేలా పెట్టి గట్టు మీద ఉంచాను. వాడు మరలు బిగిస్తూ అన్నీ విన్నాడు. ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా బిగించిన మరనే బిగిస్తున్నాడు.

"అంది" అన్నాడు.

"ఎవరు?"

"అమ్మ. ఆ రోజు. 'ఆ మందు కూడా తీసుకుని చూడాల్సిందేమోరా' అంది. ఇప్పుడైనా అడగమంటావా అన్నాను. 'వద్దులే, ఊరికే అన్నాను. ఇది దానికి మాత్రం చెప్పకు' అంది."

గట్టు పట్టుకున్నాను. ఏడాదినుంచీ వాడు చెల్లెల్ని అనరాని మాటలు అన్నాడు. ఊరందరి దగ్గరా అన్నాడు. ఈ ఒక్క మాట విసిరితే చాలు, అది మళ్ళీ తలెత్తేది కాదు. విసరలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదురా?"

"అమ్మ వద్దంది. అయినా అది తట్టుకోగలదా? పరాయి దేశంలో ఒక్కతే ఉంది."

"అమ్మ తట్టుకోలేదని కూడా నువ్వే అన్నావు" అన్నాను. ఎలా అన్నానో తెలియదు, ఆ మాట సమయానికి వచ్చింది. అన్నయ్య స్క్రూడ్రైవరు డబ్బాలో వేసి, మిక్సీ తిరుగుతోందో లేదో కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

వారమంతా రాలేదు. వదిన ఫోన్ చేసి, "మీ అన్నకి ఏం పెట్టారమ్మా మీ ఇంట్లో, అన్నం సహించడం లేదు" అంది. ఆదివారం చెల్లెలు ఫోన్ చేసే వేళకి తనే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వంటింట్లో పీట మీద కూర్చుని ఫోన్ ముందు పెట్టుకున్నాడు. మోగితే నేను ఎత్తి, "అన్నయ్య మాట్లాడతాడట" అన్నాను. ఫోన్ గట్టిగా వినబడేలా పెట్టి వాడి ముందుకి జరిపాను.

"ఏమే రేడియో" అన్నాడు. పీట మీద సర్దుకున్నాడు. "అమ్మ చివర్లో ఒక మాట అంది. నీకు చెప్పొద్దంది. నువ్వు వింటే బాధపడే మాటే. మంచి మాట అని నేను అబద్ధం చెప్పను. వింటానంటే చెబుతాను. వద్దంటే నాతోనే పోతుంది. తొందరేం లేదు, వచ్చే వారం చెప్పినా సరే, ఎప్పటికీ చెప్పకపోయినా సరే."

ఫోన్లో గొట్టం టకటక వినబడింది. చాలాసేపు అదే వినబడింది. నేను మనసులో వద్దను, వద్దను అనుకుంటూనే ఉన్నాను.

"చెప్పు అన్నయ్యా" అంది.

చెప్పాడు. ఒక్క మాట మింగకుండా, తాను అడిగిందీ, అమ్మ వద్దన్నదీ, దానికి చెప్పకు అన్నదీ, వరసగా చెప్పాడు. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఎలా అంది? కోపంగా అందా?"

"కోపం కాదే. బస్సు వెళ్ళిపోయాక అనేది చూడు, కాస్త ముందే బయల్దేరాల్సింది అని. అలాగ."

"ఇంకోసారి చెప్పు."

"ఎందుకే..."

"అమ్మ అన్నట్టే చెప్పు అన్నయ్యా. ఇంకోసారి."

వాడు నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. కళ్ళు మూసుకుని మళ్ళీ చెప్పాడు. అది మళ్ళీ అడిగింది. మూడోసారి చెప్పేటప్పటికి అన్నయ్య గొంతు తగ్గి, సన్నబడి, మాట మాటకీ మధ్య అమ్మ తీసుకునే ఊపిరి కూడా వచ్చేసింది. అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. ఎవరు జరిపారని నేను అడగలేదు.

"వింటున్నావా?" అన్నాడు అన్నయ్య.

"వింటున్నాం" అంది.